నదిలో రెండు రాత్రులు: కెనూ ప్రయాణంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. నాకు 61, మా ఆవిడకు 56. అబ్బాయి, కోడలు, మేము కలిసి రెండు కెనూల్లో (తెడ్డుతో నడిపే సన్నటి పడవలు) అక్కడి కరెంట్ అనే నదిలో వెళ్దామంటున్నాడు. ఏకర్స్ దగ్గర దిగి టూ రివర్స్ దాకా, మూడు పగళ్లు, రెండు రాత్రులు. మాకు ఈత రాదు. వెళ్లొచ్చా? ఏం సర్దుకోవాలి?
- ఎం.వి.పి. కాలనీ పాఠకుడు

జవాబు: వెళ్లొచ్చండి. కానీ దూరం తగ్గించమని అబ్బాయికి చెప్పండి. ఏకర్స్ నుంచి పుల్‌టైట్‌కు సుమారు 10 మైళ్లు, అక్కడి నుంచి రౌండ్ స్ప్రింగ్‌కు ఇంకో 10. టూ రివర్స్ దాకా అంటే దానికి మరో 17, 18 కలుస్తాయి. ప్రవాహంతో పాటు నింపాదిగా తెడ్డు వేస్తే, ఆగడాలతో కలిపి గంటకు రెండు మైళ్లే లెక్క వేసుకోవాలి. పొద్దున సామాను సర్ది పడవకు ఎక్కించడానికి రెండు గంటలు, సాయంత్రం దించి గుడారం వేయడానికి ఇంకో గంటన్నర పోతాయి. రోజుకు 12 మైళ్లంటే చీకటి పడే ముందు తొందర మొదలవుతుంది. ప్రమాదాలు ఎక్కువగా ఆ తొందరలోనే. రౌండ్ స్ప్రింగ్‌లో ముగించండి. దారిలో కేవ్ స్ప్రింగ్ గుహ నోట్లోకి కెనూతోనే వెళ్లొచ్చు, అక్కడ ఆగడానికీ తీరిక ఉంటుంది. శని, ఆదివారాలు వద్దు, రద్దీ.

కారును ముందే రౌండ్ స్ప్రింగ్‌లో పెట్టి, కెనూలు అద్దెకిచ్చేవాళ్ల బండిలో ఏకర్స్‌కు రండి. అప్పుడు ఫలానా టైముకు గట్టెక్కాలన్న బెంగ ఉండదు. నది పొడవునా చాలాచోట్ల సెల్ సిగ్నల్ అందదు కనుక, ఏ రోజుకు తిరిగొస్తారో బయట ఒకరికి చెప్పి ఉంచాలి.

మీరిద్దరూ ఒకే పడవ ఎక్కకండి. పిల్లలొక్కొక్కరు వెనక కూర్చుంటే మీరొక్కొక్కరు ముందు. బరువైన సామాను అడుగున, నడిమికి కాస్త వెనగ్గా ఉండాలి. ముందు బరువైతే పడవ తిప్పినట్టు తిరగదు. సంచులన్నీ పొట్టి తాళ్లతో పడవకు కట్టండి. పొడుగు తాడు నీళ్లలో వేలాడితే బోల్తా పడ్డప్పుడు కాళ్లకు చుట్టుకుంటుంది. పడవకు ఒక తెడ్డు అదనంగా ఉండాలి.

ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ వేసుకునే కూర్చోవాలి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా వచ్చిందంటే అది వదులు, పట్టీలు బిగించాలి. ఈ నదికి నీళ్లు ఊటల నుంచి వస్తాయి. ఊట నీరు జూన్‌లోనైనా 14 డిగ్రీలే. కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. చీర అసలే వద్దు, కాళ్లకు చుట్టుకుంటుంది. ఆరే సింథటిక్ డ్రెస్సు, మడమకు పట్టీ ఉన్న చెప్పులు, కళ్లజోడుకు తాడు. బీపీ, షుగర్ మాత్రలు రెండు వాటాలు చేసి రెండు పడవల్లో నీరు చొరని సంచుల్లో పెట్టండి.

ఆవకాయ సంగతి: అక్కడి నదుల్లో గాజు సీసాలు నిషేధం, థర్మోకోల్ పెట్టెలు కూడా. మూత గట్టి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. మొదటి పూటకు పులిహోర. తర్వాత వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి చాలు. నీళ్లు మనిషికి రోజుకు 4 లీటర్లు. నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు, అంటే 48 కిలోలు. సీజన్‌లో పుల్‌టైట్ క్యాంపుగ్రౌండులో నింపుకోవచ్చు కనుక సగంతో బయల్దేరొచ్చు. ఊట నీరు ఎంత తేటగా కనబడ్డా మరిగించకుండా తాగొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం పడుకునే చోటు. గులకరాళ్ల తిన్నెల మీద గుడారాలు వేస్తారు. ఎగువన ఎక్కడో వాన పడితే ఇక్కడ చుక్క రాలకుండానే రాత్రికి రాత్రి నది లేస్తుంది. 2017 ఏప్రిల్ ఆఖరున ఈ నదే వాన్ బ్యూరెన్ ఊళ్లోకి వచ్చేసింది. చెట్ల కొమ్మల్లో ఎండిన చెత్త ఎంత ఎత్తున ఇరుక్కుందో చూడండి: పాత వరద అంతదాకా వచ్చిందన్నమాట. తిన్నె మీద ఎత్తైన చోటే గుడారం. వెనక పాయ ఉంటే మాత్రం ఆ తిన్నె వద్దే వద్దు, నీరు పెరిగితే దీవిలో చిక్కుకుంటారు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, రాత్రి లేచినప్పుడల్లా టార్చి వేసి చూడండి. పడవలను పైకి మోసి చెట్టుకు కట్టాలి. గడ్డిలో పిడుదులుంటాయి, పడుకునే ముందు ఒళ్లంతా వెతుక్కోండి.

ప్రశ్న: రుషికొండ బీచ్‌లో కయాక్ నడిపిన అనుభవం నదిలో కెనూకు సరిపోతుందా?
- మధురవాడ పాఠకురాలు

జవాబు: సగమే. కయాక్ తెడ్డుకు రెండు రెక్కలు, కెనూ తెడ్డుకు ఒకటే. ఒకే వైపు వేస్తూపోతే పడవ రెండోవైపు తిరిగిపోతుంది. వెనకవాళ్లు తెడ్డు లాగాక చివర్లో బొటనవేలు కిందకు తిప్పి, రెక్కను పడవ నుంచి బయటకు నెడితే దారిలో పడుతుంది. కెనూలో కూర్చునేది ఎత్తు మీద. నీరు దూకే చోట సీటు దిగి మోకాళ్ల మీద కూర్చోవాలి.

సముద్రంలో లేనిది, నదిలో ప్రాణం తీసేది పడిపోయిన చెట్టు. మలుపుల్లో ప్రవాహం బయటి గట్టును కోస్తుంది, అక్కడి చెట్లే నీళ్లలో పడతాయి. కొమ్మల మధ్య నుంచి నీరు పోతుంది కానీ మనిషి పోలేడు. అందుకే మలుపు రాకముందే లోపలి గట్టు వైపు జరగాలి. పడవ అడ్డం తిరిగి బండకు ఆనితే భయంతో అందరూ బండకు దూరంగా వాలతారు. అంతే, ఎగువ అంచు మునిగి పడవ నిండుతుంది. నిండిన పడవ బరువు టన్ను దరిదాపు. బండ వైపే వాలాలి, వీలైతే దాన్ని కౌగిలించుకోవాలి. నీళ్లలో పడితే పడవకు దిగువన ఉండకండి. వెల్లకిలా, కాళ్లు దిగువకు పెట్టి తేలండి. పారే నీళ్లలో నిలబడే ప్రయత్నం చేస్తే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది.

ప్రశ్న: గాలి నింపే కెనూ కొన్నాం. సీలేరులో గానీ గోదావరిలో గానీ ఇలాగే రెండు రోజులు వెళ్లొచ్చా?
- గాజువాక మిత్రబృందం

జవాబు: సీలేరు వద్దు. ఎగువన మాచ్‌ఖండ్, బలిమెల, ఆ కింద డొంకరాయి, అన్నీ జలవిద్యుత్ ఆనకట్టలే. టర్బైన్లు తిప్పినప్పుడు దిగువన నీరు ఉన్నట్టుండి పెరుగుతుంది, పైన చెప్పిన పుల్ల గుర్తు అక్కడ పనికిరాదు. పాపికొండల దగ్గర గోదావరి జాతీయ ఉద్యానవనం మధ్య నుంచి పోతుంది, అటవీశాఖ అనుమతి లేకుండా తిన్నెల మీద రాత్రి బస కుదరదు. దిగువన పోలవరం కట్టడం కూడా దారికి అడ్డం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పెద్ద పర్యాటక పడవే మునిగిందని గుర్తుంచుకోండి. శారద, వరాహ నదుల్లో వానలు పోతే పడవ తేలేంత నీరుండదు, వానల్లో దిగకూడదు. ముందు తాటిపూడి లాంటి జలాశయంలో అక్కడివాళ్ల అనుమతి తీసుకుని, గట్టు దగ్గర కావాలనే బోల్తా కొట్టించి, మళ్లీ ఎక్కడం నేర్చుకోండి. అది వచ్చాక అటవీశాఖకు అర్జీ పెట్టొచ్చు.