పాత నేత చీరలు, లేసు ముక్కలతో వేసవి దుస్తులు: ఇది వృత్తి అవుతుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర ఒక పల్లెటూరు. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పూర్తి చేసింది. రెండేళ్లుగా వాళ్ల నాయనమ్మ, అమ్మమ్మల నేత చీరలు, ఇంట్లో ఉన్న పాత లేసు గలేబులు, బల్ల గుడ్డలు విప్పి వేసవికి గౌన్లు, చేతుల్లేని టాపులు కుడుతోంది. చుట్టుపక్కల వాళ్లు డబ్బులిచ్చి కుట్టించుకుంటున్నారు. మేము బీఎస్సీ నర్సింగులో చేర్పించాలనుకుంటే, తను మాత్రం ఇదే నా వృత్తి అంటోంది. పాత గుడ్డలు కుట్టుకుంటూ బతకగలదా? ఏ కోర్సు మంచిది? అప్పు చేసి పెద్ద మిషన్ కొనమంటారా?
— ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, బతకగలదు. అయితే కుట్టు ఒక్కదాన్నే నమ్ముకుంటే మాత్రం కష్టం. మిషన్ కుట్టే వారు మన ప్రాంతంలో ప్రతి వీధిలోనూ ఉన్నారు, వారి మధ్య కూలి పోటీకి దిగితే మీ అమ్మాయికి మిగిలేది తక్కువ. కానీ మీరు రాసిన దానిని బట్టి తను చేస్తున్నది వేరే పని. పాత గుడ్డలో ఏ భాగం ఇంకా పదేళ్లు నిలుస్తుందో, ఏది రెండు ఉతుకులకే పోతుందో గుర్తించి, దానికి తగిన లేసు ఎంచి, ఈ ఉక్కపోతలో ఒంటికి హాయిగా ఉండే దుస్తుగా మార్చడం అందరికీ వచ్చే విద్య కాదు. ఆ చూపు తనకు అబ్బింది. తనకు ఇంకా రానివి రెండు ఉన్నాయని నా అనుమానం: ప్యాటర్న్ (దుస్తు ముక్కల కాగితపు నమూనా) గీసి కత్తిరించడం, చేసిన పనికి సరైన ధర కట్టడం. ఏ చదువు ఎంచుకున్నా ఈ రెండూ నేర్పేదిగా ఉండాలి.

ఈ పనికి గోదావరి డెల్టా కంటే అనువైన చోటు దొరకడం కష్టం. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఇళ్లలో తరతరాలుగా సాగుతోంది, నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు వస్తువని తెలిపే జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. ఎగుమతి కోసం అల్లి, ఏదో కారణంతో మిగిలిపోయిన బల్ల గుడ్డలు, గలేబులు, అంచు లేసులు ఎన్నో ఇళ్ల పెట్టెల్లో మూలుగుతున్నాయి. గోదావరి అవతల కోనసీమలో బండారులంక వంటి నేత ఊళ్లున్నాయి, ఇంకొంచెం పైకి వెళితే ఉప్పాడ జాందానీ చీరల నేత ఉంది. నేత చీర కట్టే తరం వెళ్లిపోతున్న కొద్దీ ఆ చీరలు స్టీలు గిన్నెలకు మారకం పోతున్నాయి. అంటే ముడి సరుకు మీ గుమ్మం ముందు నుంచే వెళుతోంది.

అయితే ఆ ముడి సరుకును చూసే పద్ధతి ఉంది, దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ వృత్తి నిలిచేదీ పోయేదీ ఇక్కడే. ఐదున్నర మీటర్ల చీర అంతా ఒకేలా అరగదు. నడుములో దోపిన అంచు చెమటకు, కాళ్ల దగ్గరి అంచు నేల రాపిడికి, భుజం మీది భాగం పిన్నులకు దెబ్బతింటాయి, ఎత్తులో మధ్యనున్న పట్టీ మాత్రం చాలా చీరల్లో గట్టిగానే ఉంటుంది. గౌను ముందు వెనుక భాగాలను ఆ పట్టీ నుంచి తీసుకుని, అంచులను బరువు పడని చోట మాత్రమే వాడాలి. కొనే ముందు గుడ్డను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే దారం పలచబడిన చోట్లు తెల్ల గీతల్లా కనిపిస్తాయి. రెండు బొటనవేళ్లతో పడుగు (నిలువు దారాల) వైపు ఒకసారి, పేక (అడ్డ దారాల) వైపు ఒకసారి లాగినప్పుడు చిర్రుమన్న శబ్దం ఏమాత్రం వచ్చినా ఆ గుడ్డ చివికిందని అర్థం, దానికి ఎంత మంచి అస్తరు వేసినా ప్రయోజనం లేదు. గంజి పెట్టి ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచిన చీర మడత గీతల వెంబడే చిరుగుతుంది కాబట్టి ఆ గీతలు చంకల దగ్గరకు గానీ, నడుము కుట్టులోకి గానీ రాకుండా కత్తిరించాలి.

కలరా ఉండల వాసన పోవడానికి నీడలో గాలికి ఆరేస్తే చాలు. ఉతకడానికి కుంకుడు రసం మేలు. ఇనప పెట్టె వల్ల వచ్చిన తుప్పు మరకకు బ్లీచింగు వాడితే మరక ఇంకా ముదురుతుంది, నిమ్మరసం, ఉప్పు రాసి కొంతసేపటికి మంచినీళ్లతో బాగా జాడించాలి, లేకపోతే ఆ పులుపే నూలును తినేస్తుంది. రంగు దిగుతుందా అన్నది తడి తెల్ల గుడ్డతో రుద్ది ముందే తెలుసుకోవాలి. అన్నట్టు, పట్టు చీర చేతికి వస్తే అందులో పాత జరీ ఉంటే దాన్ని తొందరపడి కత్తిరించవద్దని చెప్పండి. అసలైన జరీలో వెండి ఉంటుంది, వీధుల్లో పాత పట్టుచీరలు కొంటామని తిరిగేవారు వచ్చేది దాని కోసమే.

ఇక లేసు సంగతి. చేతి అల్లిక నూలు లేసు నీళ్లు తగలగానే కుదించుకుంటుంది. లేసును, గుడ్డను విడివిడిగా తడిపి ఆరబెట్టిన తర్వాతే కలిపి కుట్టాలి, లేకపోతే కొనుక్కున్న వారి ఇంట్లో మొదటి ఉతుకులోనే మెడ చుట్టూ గుడ్డ ముడుచుకుపోతుంది. అంతకంటే ముఖ్యం, లేసును ఎడాపెడా కత్తిరించకూడదు, ఒక్క దారం తెగితే అల్లిక వరసగా ఊడిపోతుంది. మన దగ్గర పాత బల్ల గుడ్డల్లో చాలా వాటికి పువ్వులను విడివిడిగా అల్లి, తర్వాత అతుకుపనిలో కలిపి ఉంటారు. ఆ అతుకు దారాన్ని వెతికి విప్పితే ఒక్క పువ్వూ చెడకుండా మొత్తం చేతికి వస్తుంది. మీ ఊళ్లో లేసు అల్లే పెద్దమ్మలెవరైనా ఉంటే, అతుకు ఎక్కడుందో కనిపెట్టే నేర్పు మీ అమ్మాయి వారి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. దీనికి ఏ కళాశాలలోనూ పాఠం లేదు. ఒకే ముక్కగా అల్లిన లేసైతే కత్తిరించబోయే గీతకు రెండు వైపులా సన్నని కుట్టు వేసిన తర్వాతే కత్తెర పెట్టాలి.

ఇప్పుడు తనకు రాని వాటి సంగతి. మన వైపు కుట్టుపని ఎక్కువగా ఆది మీద నడుస్తుంది. ఆది జాకెట్టు తెచ్చిస్తే దాన్ని గుడ్డ మీద పరచి, అరంగుళం అటూఇటూ వదిలి కత్తిరిస్తారు. తెలిసినవారికి కుట్టేంత వరకు అది చాలు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న, ఎన్నడూ చూడని మనిషికి కుట్టి పంపాలంటే ఆది ఉండదు. కొలతల పట్టిక నుంచి కాగితం మీద ప్యాటర్న్ గీసి, దాన్నే చిన్నా పెద్దా సైజులకు మార్చగలగాలి. పాత గుడ్డతో ఇది ఇంకా క్లిష్టం, ఎందుకంటే తానుల్లోంచి తీసినట్టు ప్రతిసారీ ఒకే వెడల్పు గట్టి గుడ్డ దొరకదు. ఉన్న ముక్కలకు తగ్గట్టు ప్యాటర్నును ముక్కలు చేసి, అతుకులు అందంగా పడేలా అమర్చాలి. ఇది నేర్చుకోకుండా ఈ పనిని వ్యాపారంగా పెంచడం సాధ్యం కాదు.

కోర్సుల విషయానికి వస్తే, మొదట నర్సింగు. అది గౌరవమైన వృత్తి, ఉద్యోగావకాశాలూ ఉన్నాయి. కానీ నాలుగేళ్ల పాటు తరగతులు, ఆసుపత్రి డ్యూటీలతో నిండిపోయే చదువు. ఇష్టం లేని అమ్మాయిని 'పక్కన కుట్టుకోవచ్చులే' అని అందులో చేరిస్తే రెండూ సగంలో ఆగుతాయి.

డిజైన్ చదువులో ముందుగా చెప్పుకోవలసింది నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ). ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా నాలుగేళ్ల బీడిజైన్‌కు అర్హులే (దుస్తుల తయారీ సాంకేతికత నేర్పే బీఎఫ్‌టెక్‌కు మాత్రం గణితం కావాలి). హైదరాబాదు ప్రాంగణంలో ఫ్యాషన్ డిజైన్, టెక్స్‌టైల్ డిజైన్ రెండూ ఉన్నాయి. మీ అమ్మాయికి నేను టెక్స్‌టైల్ వైపే మొగ్గు చూపుతాను. ప్రవేశ పరీక్షలో రాతపరీక్ష తర్వాత, ఇచ్చిన వస్తువులతో అక్కడికక్కడే ఏదైనా చేసి చూపించే సిచ్యుయేషన్ టెస్ట్ ఉంటుంది. రెండేళ్లుగా ముక్కలతో పని చేస్తున్న అమ్మాయికి అక్కడ తడబాటు తక్కువ. ఖర్చు సంగతి దాచకుండా చెప్పాలి: బోధన రుసుమే నాలుగేళ్లకు పది లక్షలు దాటుతుంది. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకు సంస్థ ఇచ్చే ఆర్థిక సహాయం ఉంది, దరఖాస్తు సమయంలోనే దాని నిబంధనలు చదవండి. ఈ పరీక్ష ఏటా జనవరి, ఫిబ్రవరి ప్రాంతాల్లో జరుగుతుంది కాబట్టి ఈ ఏడాదికి సమయం దాటిపోయింది. వచ్చే ఏడాది రాసినా ఇబ్బంది లేదు, 24 ఏళ్ల లోపు వారు అర్హులు. గుంటూరు సమీపంలో ఉన్న జాతీయ డిజైన్ సంస్థ, అంటే ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో టెక్స్‌టైల్, అప్పెరల్ డిజైన్ ఉంది. దాని వయోపరిమితి నిఫ్ట్ కంటే తక్కువ కాబట్టి రాయదలిస్తే ఆలస్యం చేయకూడదు.

ఇంత ఖర్చు భారమైతే, చాలామంది దృష్టికి రాని దారి ఒకటుంది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి గుంటూరులో కమ్యూనిటీ సైన్స్ కళాశాల ఉంది. బైపీసీ వారు చేరదగిన నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్‌లో దుస్తులు, వస్త్రాల శాస్త్రం ఒక ముఖ్య విభాగం. నూలు ఎందుకు చివుకుతుంది, రంగు ఎందుకు దిగుతుంది అన్నవి అక్కడ ప్రయోగశాలలో తెలుస్తాయి, పైగా చేతిలో డిగ్రీ ఉంటుంది కనుక మీ మనసూ కుదుటపడుతుంది. ఈ మూడింటిలో మీ పరిస్థితికి ఇదే ఎక్కువ నప్పుతుందని నా అభిప్రాయం. పాత వస్త్రాల మీద ఆసక్తి అలాగే ఉంటే, డిగ్రీ తర్వాత మ్యూజియాల్లో వస్త్ర సంరక్షణ వైపు కూడా వెళ్లవచ్చు, ఆ పనికి రసాయన శాస్త్రం తెలిసినవారు కావాలి. ఇక ఏ కోర్సులోనూ చేరకుండా ఏడాది ఆగేటట్లయితే, ఆ ఏడాది వృథా కాకుండా ఐటీఐలో సూయింగ్ టెక్నాలజీ గానీ, డ్రెస్ మేకింగ్ గానీ చేయించండి. ఏడాది కోర్సు, ప్రభుత్వ ఐటీఐలో ఖర్చు స్వల్పం, డ్రాఫ్టింగ్ (కొలతలతో ప్యాటర్న్ గీయడం) చేత్తో చేయిస్తారు. ప్రైవేటుగా 'ఫ్యాషన్ డిప్లొమా' పేరిట లక్షలు అడిగే చోట్లకు వెళితే ప్యాటర్న్ కటింగుకు వారానికి ఎన్ని గంటలు కేటాయిస్తారో అడగండి. సూటిగా సమాధానం రాకపోతే వెనక్కి వచ్చేయండి.

ధర గురించి మీ ఇంట్లోనే ఒక సాయంత్రం కూర్చుని లెక్క వేయండి. ఉదాహరణకు ఒక గౌనుకు చీర రూ.200, లేసు రూ.150, అస్తరు మల్లుగుడ్డ, దారం కలిపి రూ.100 అనుకుందాం. ఉతికి, రఫూ చేసి, ఇస్త్రీ పెట్టడానికి రెండు గంటలు, కత్తిరించడానికి గంటన్నర, కుట్టడానికి నాలుగు గంటలు, లేసు చేత్తో బిగించడానికి రెండున్నర గంటలు, మొత్తం పది గంటలు. గంటకు రూ.70 లెక్కన చూసినా కూలి రూ.700. అంటే రూ.1,150 కంటే తక్కువకు అమ్మితే తన కష్టాన్ని ఊరికే ఇచ్చినట్టే. తీరా విప్పాక పనికిరాని చీరల నష్టం దీనికి అదనం. ఇరుగుపొరుగు వారు జాకెట్టు కుట్టుకూలితో పోల్చి మూడు నాలుగు వందలు చేతిలో పెడుతుంటే మొహమాటపడి తీసుకోవడం ఇప్పుడే ఆపాలి. వారికి కుట్టుకూలికే కుట్టి ఇవ్వాలనుకుంటే వారి గుడ్డ, వారి లేసు తెచ్చుకోమనాలి.

అమ్మేటప్పుడు మాటలో జాగ్రత్త అవసరం. మిషన్ లేసును చేతి అల్లికగా చెప్పి అమ్మకూడదు. వెనుక వైపు తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది, చేతి అల్లికలో ముడులు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి. అలాగే భౌగోళిక గుర్తింపు పొందిన పేరునూ ముద్రనూ వాడుకునే హక్కు అధీకృత వాడుకదారులుగా నమోదైన వారికే ఉంటుంది కాబట్టి, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని లేసు ముక్కకు నరసాపురం పేరు చీటీ మీద రాయవద్దు. ప్రతి దుస్తుకూ చీర ఎక్కడిది, ఎలా ఉతకాలి అన్న రెండు వాక్యాలు రాసి, చిన్న గుడ్డ ముక్క అంటించిన పుస్తకం ఒకటి ఉంచుకోమనండి. రేపు ఇంటర్వ్యూలో చూపించడానికి అదే పనికొస్తుంది.

చివరిగా మిషన్. ఇప్పుడు అప్పు వద్దు. పరిశ్రమల్లో వాడే వేగం మిషన్లు పలచబడిన పాత నూలును లాగేస్తాయి. ఇంట్లో ఉన్న కాలి మిషనుకు పదకొండో నంబరు సూది, సన్నని దారం వేసి, కుట్టు మరీ దగ్గరగా పడకుండా చూసుకుంటే ఈ పనికి అదే మేలు. గుడ్డ అంచు లోపల మూసుకుపోయేలా రెండుసార్లు కుట్టే ఫ్రెంచ్ సీమ్ వస్తే, అంచు దారాలు ఊడకుండా చుట్టి కుట్టే ఓవర్‌లాక్ మిషన్ అవసరం కూడా ఉండదు. చేతిలో డబ్బు ఉంటే మంచి కత్తెర, ఆవిరి ఇస్త్రీ పెట్టె కొనండి. తనకు పద్దెనిమిదేళ్లు నిండాక, కుట్టుపనినే స్వయం ఉపాధిగా చేసుకునే పక్షంలో, 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కింద దర్జీ విభాగంలో దరఖాస్తు చేసుకోవచ్చు. పనిముట్లకు రూ.15,000 వరకు, శిక్షణ రోజుల్లో రోజుకు రూ.500, తర్వాత పూచీకత్తు లేకుండా మొదటి విడతగా లక్ష రూపాయల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే అర్హత కాబట్టి, మీ ఇంట్లో ఇంకెవరైనా ఇప్పటికే నమోదయ్యారేమో ముందు చూసుకోండి.