ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చిన్న ఆటల గురించి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి, క్రౌడ్‌ఫండింగ్ (ఒక పని కోసం ఎంతోమంది దగ్గర కొద్దికొద్దిగా డబ్బు పోగుచేయడం) గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఆటలు అమ్మే సైటు తెరిచిన ప్రతిసారీ నాకు పెద్ద కంపెనీల ఆటలే కనిపిస్తున్నాయి. ఒకరో ఇద్దరో కలిసి చేసిన మంచి ఆటల సంగతి నా చెవిన పడేసరికి మిత్రులందరూ వాటిని ఆడి ముగించేసి ఉంటున్నారు. వాళ్లకు అంత ముందుగా ఎలా తెలుస్తోంది?

జవాబు: మీ మిత్రులు ఆ ఆటలను అమ్మకానికి పెట్టిన చోట కాక, అవి తయారవుతున్న చోట చూసి ఉంటారు. అమ్మకపు సైట్లు ఏ ఆటను ముందు వరుసలో నిలపాలో నిర్ణయించేటప్పుడు కొనుగోళ్లనూ ఆటగాళ్ల ఆసక్తినీ లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి, ఇంకా ఎవరూ ఆడని ఆట ఎంత బాగున్నా వెనకే ఉండిపోతుంది. కంప్యూటర్ ఆటలు అమ్మే పెద్ద సైటు స్టీమ్‌లో 2012 నుంచి 2017 వరకు ఆటగాళ్ల ఓట్లతో కొత్త ఆటలను ఎంపిక చేసే ‘గ్రీన్‌లైట్’ పద్ధతి నడిచింది. దాన్ని ఎత్తివేసి, ఒక్కో ఆటకు 100 డాలర్ల రుసుము కట్టిన ఎవరైనా అమ్ముకోవచ్చునన్న తరువాత, ఏడాదికి వచ్చే ఆటల సంఖ్య పదివేలు దాటిపోయింది. అంత రాశిలో మీకు నచ్చేదాన్ని మొదటి పేజీ చూపిస్తుందని ఆశించడం దండగ.

మైన్‌క్రాఫ్ట్ ఆటనే తీసుకోండి. 2009 మే నెలలో మార్కుస్ పెర్సన్ దాని తొలి రూపాన్ని ‘టిగ్‌సోర్స్’ అనే వేదికలో, తనలాగే సొంతంగా ఆటలు చేసుకునేవారి మధ్య పెట్టాడు. అంతకు కొన్ని నెలల ముందు, 2008లో, స్పెలంకీ అనే ఆట కూడా అక్కడే ఉచితంగా వెలువడింది. ఆ రోజుల్లో ఆ వేదికను అనుసరించినవారికి ఈ రెండు ఆటలూ ఎవరో తోటివారు చేసి చూపించిన ముచ్చటైన ప్రయోగాలు మాత్రమే.

ఇప్పుడు అలాంటి ప్రయోగాలు గుంపుగా కనిపించేది గేమ్ జామ్‌లలో, అంటే కొద్ది గంటల్లోనో రోజుల్లోనో ఆటను తయారు చేసే పోటీల్లో. 2002లో మొదలైన ‘లూడమ్ డేర్’ నియమం ప్రకారం, అప్పటికప్పుడు ప్రకటించిన ఒక అంశంపై 48 గంటల్లో ఒక్కరే మొత్తం ఆటను తయారు చేయాలి. బృందాలుగా చేసేవారికి మరో రోజు ఎక్కువ ఇస్తారు. బహుమతి ఏమీ ఉండదు. పాల్గొన్నవారే ఒకరి ఆటను ఒకరు ఆడి మార్కులు వేస్తారు, కనుక ఆ మార్కులకు ప్రకటనల రంగు అంటదు. ‘బాబా ఈజ్ యూ’ 2017 నాటి నార్డిక్ గేమ్ జామ్‌లో పుట్టి 2019లో పూర్తి ఆటగా వచ్చింది. 2018లో విడుదలైన ‘సెలెస్ట్’కు మూలం నాలుగు రోజుల్లో చేసిన ఒక బుల్లి ఆట. జామ్ ఆటలు చాలావరకు బ్రౌజర్‌లోనే నడుస్తాయి, పది నిమిషాల్లో అయిపోతాయి. ఇరవై ఆడితే పదిహేను మరచిపోతారు, మిగిలిన ఐదూ చేసినవారి పేర్లు రాసిపెట్టుకుంటారు.

ఆ పేర్లే అసలు సంపాదన. ‘ఈ ఏటి మేటి ఆటలు’ వంటి జాబితాలను నేను పెద్దగా పట్టించుకోను, ఎందుకంటే ఒక జాబితాను చూసి మరొకటి తయారవుతూ ఉంటుంది. దానికి బదులు, మీకు నచ్చిన ఆట చేసిన వ్యక్తి వేరే ఎవరి ఆటలను మెచ్చుకుంటున్నారో గమనించండి. 2013 నుంచి నడుస్తున్న ‘ఇచ్’ అనే వేదికలో ధరను, అది సున్నా అయినా సరే, చేసినవారే నిర్ణయిస్తారు, తయారీ ముచ్చట్లను కూడా అక్కడే రాసుకుంటారు. ఒకరి పేజీ నుంచి మరొకరి పేజీకి దారి దొరుకుతుంది. సిఫారసులను తూచేటప్పుడు కూడా, ‘అద్భుతం, తప్పక ఆడండి’ అన్న మాట కంటే, ‘మొదటి అరగంట విసుగే, ఆ తరువాత ఆట నియమాలనే మనం మార్చుకోవలసి వస్తుంది’ అని చెప్పిన వ్యక్తిని నమ్మండి. ఆ వ్యక్తి నిజంగా ఆడాడు.

ప్రశ్న: ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ అని ఒకరు సూచించినదాన్ని చూస్తే ఒకచోట ఉచితంగానూ, మరోచోట డబ్బుకూ ఇస్తున్నారు. ఇది మోసం కాదా? పైగా ఎవరైనా మార్చగలిగే సాఫ్ట్‌వేర్‌ను వాడడం క్షేమమేనా?

జవాబు: ఆంగ్లంలో ఒకే మాట రెండర్థాలను మోస్తున్నందువల్ల వచ్చిన చిక్కు ఇది. తెలుగులో మనకు రెండు వేర్వేరు మాటలున్నాయి కనుక వాటిని కలపకుండా ఉంటే సరిపోతుంది. ఉచితం ధరకు సంబంధించినది, స్వేచ్ఛ హక్కుకు సంబంధించినది. 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును ప్రకటించి, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను నెలకొల్పిన రిచర్డ్ స్టాల్‌మన్ ఉద్దేశించినది రెండోదాన్ని. ఏ పనికైనా వాడుకోవడం, లోపలి కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన ఆదేశాలను, చదివి మార్చుకోవడం, ప్రతులను పంచడం, మార్చిన ప్రతులను కూడా పంచడం అనే నాలుగు హక్కులు ఉన్నప్పుడే అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అమ్మకూడదన్న నియమం అందులో లేదు. బొమ్మలు గీసే క్రిటా తన సొంత సైటులో ఉచితంగా దొరుకుతుంది, స్టీమ్‌లో డబ్బుకు దొరుకుతుంది. అక్కడ కొన్నవారు దాని తయారీకి సాయం చేసినట్టు. ఇందుకు తిరగబడ్డ ఉదాహరణ ‘కేవ్ స్టోరీ’: 2004లో ఒకే వ్యక్తి ఉచితంగా విడుదల చేసిన ఈ ఆట కోడ్‌ను మార్చి పంచే హక్కును ఇవ్వలేదు. అది ఉచితమే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు.

క్షేమం సంగతికి వస్తే, కోడ్ బయట ఉన్నంత మాత్రాన ఎవరో దాన్ని చదివి ఉంటారని అనుకోకూడదు. మీరు భయపడినట్టు ఎవరుపడితే వారు అసలు ప్రతిని మార్చలేరు. మార్పులను ఆమోదించే నిర్వాహకులు ఉంటారు. అయితే ఆ నిర్వాహకుడు ఒంటరివాడైతే అదే బలహీనత అవుతుంది. లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లో విస్తృతంగా వాడే, ఫైళ్లను చిన్నవి చేసే ‘ఎక్స్‌జెడ్’ అనే కుదింపు సాధనాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్కరే చూసుకునేవారు. సాయం చేస్తానంటూ వచ్చిన ఒక అజ్ఞాత వ్యక్తి రెండేళ్లకు పైగా మంచిగా పనిచేసి, నిర్వహణ హక్కులు సంపాదించి, 2024 ఆరంభంలో అందులో కంప్యూటర్లలోకి చొరబడేందుకు దొంగదారి పెట్టాడు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు మార్చి నెలాఖరులో దాన్ని బయటపెట్టాడు. కోడ్ మూసి ఉంటే ఆయన అంత తేలికగా మూలాన్ని పట్టుకోగలిగేవాడు కాదు. అయినా అది అర సెకను అదృష్టమేనన్నది కూడా నిజం.

అందువల్ల మెచ్చినవారు ఎన్ని నక్షత్రాలు ఇచ్చారన్నదానికన్నా, చివరి విడుదల ఎప్పుడు జరిగింది, లోపాలను చెప్పినవారికి జవాబు వస్తోందా, పని చేసేవారు ఒకరికన్నా ఎక్కువ మంది ఉన్నారా అన్నవి చూడండి. డెబియన్ వంటి లినక్స్ కూర్పులు తమ వాడుకరుల కోసం ఉంచే సాఫ్ట్‌వేర్ భాండారాల్లోనో, ఆండ్రాయిడ్‌లో అయితే కోడ్ నుంచి స్వయంగా యాప్‌లను కూర్చి ఇచ్చే ఎఫ్‌డ్రాయిడ్‌లోనో దొరికితే మరీ మంచిది. వెతికినప్పుడు ప్రకటన రూపంలో పైన కనిపించే లంకెను మాత్రం నొక్కకండి. పేరున్న సాఫ్ట్‌వేర్‌లకు నకిలీ సైట్లు పెట్టేవారికి అదే రాచబాట.

ప్రశ్న: వీడియో చూసి ముచ్చటపడి ఒక పరికరానికి క్రౌడ్‌ఫండింగ్‌లో డబ్బు పెట్టాను. ఇస్తామన్న తేదీ దాటి ఏడాదయింది. నేను మోసపోయినట్టేనా?

జవాబు: ఆలస్యం ఒక్కటే మోసానికి రుజువు కాదు. మీరు వస్తువును కొనలేదు, అది తయారవుతుందన్న నమ్మకం మీద డబ్బు పెట్టారు. 2009లో ప్రారంభమైన కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ సైటులో అడిగిన మొత్తం చేరితేనే డబ్బు చేతులు మారుతుంది. చేరిన తరువాత సైటు తన 5 శాతాన్ని, చెల్లింపు రుసుములను మినహాయించుకొని మిగిలినది తయారీదారులకు అప్పగిస్తుంది. వస్తువు వస్తుందన్న హామీని సైటు ఇవ్వదు, ఒప్పందం మీకూ తయారీదారులకూ మధ్యనే ఉంటుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ మోలిక్ 2015లో దాదాపు 47,000 మంది మద్దతుదారులను విచారించి, నిధులు అందిన ప్రాజెక్టుల్లో సుమారు 9 శాతం మాట నిలబెట్టుకోలేకపోయాయని తేల్చారు. అంటే చాలావరకు వస్తాయి, కానీ అనుకున్న రోజుకు రావడం అరుదు.

ఎక్కువ డబ్బు వస్తే పని త్వరగా అవుతుందనుకోవడం సహజం, జరిగేది తరచూ దానికి వ్యతిరేకం. 2012 ఫిబ్రవరిలో డబుల్ ఫైన్ సంస్థ ఒక చిన్న సాహస ఆటకు 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలకు పైగా వచ్చాయి. డబ్బుతోపాటు ఆట కూడా పెద్దదైపోయింది, అదే ఏడాది అక్టోబరుకు అనుకున్నది సగం 2014 జనవరిలో, మిగతా సగం 2015 ఏప్రిల్‌లో వచ్చింది. అండర్‌టేల్ అనే ఆట సంగతి వేరు. 2013లో టోబీ ఫాక్స్ అడిగినది 5,000 డాలర్లు, వచ్చినవి 51,000 పైచిలుకు. ఆట 2015 సెప్టెంబరులో వెలువడింది. ఆయన అడిగే నాటికే ఆడి చూడదగిన నమూనా జనం చేతిలో ఉండడమే నాకు ముఖ్యంగా తోస్తుంది. వాళ్లు ఊహకు కాక, తాము ఆడినదాని తరువాయికి డబ్బు పెట్టారు.

పరికరాల విషయంలో ఇది ఇంకా కఠినం. ఆటలో తప్పు దొరికితే కోడ్ సరిదిద్దితే చాలు, ప్లాస్టిక్ అచ్చులో తప్పు దొరికితే అచ్చునే మళ్లీ పోయాలి. దానిమీద భద్రతా పరీక్షలు, విడిభాగాల కొరత, రవాణా ఖర్చు ఉండనే ఉన్నాయి. ‘కూలెస్ట్ కూలర్’ అనే ఐసుపెట్టె, మిక్సీ, స్పీకరు వగైరా అన్నీ బిగించి, 2014లో 62,000 మందికి పైగా మద్దతుదారుల నుంచి 130 లక్షల డాలర్లకు మించి రాబట్టింది. అడిగిన ధర తయారీ ఖర్చుకే చాలలేదు. 2019 చివర్లో సంస్థ మూతపడేటప్పటికి సుమారు 20,000 మందికి పెట్టె అందనేలేదు. నేనూ ఒకసారి ఇలాగే, తళతళలాడే వీడియో ఒకటి చూసి, దానిలో ఆ వస్తువును మనిషి చేత్తో పట్టుకున్న దృశ్యం ఒక్కటీ లేదని గమనించకుండా డబ్బు పెట్టాను. రెండేళ్ల తరువాత నాకు అందినది ఒక క్షమాపణ ఉత్తరం. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మీరు ఇప్పుడు చేయవలసిన పని ఒకటుంది. ‘ఎప్పుడు పంపుతారు?’ అని అడగకుండా, ఏ దశలో ఆగింది, ఏ భాగం కోసం ఆగింది, ఆ దశలో ఉన్న వస్తువు ఫొటో చూపగలరా అని అడగండి. ‘అచ్చులో ఫలానా మూల పగులుతోంది’ అన్న జవాబు వస్తే, చేదుగా ఉన్నా, అక్కడ పని జరుగుతున్నట్టు. పనిని గురించి ఒక్క ముక్కా లేకుండా కృతజ్ఞతలు మాత్రమే వస్తే, లేదా నెలల తరబడి మౌనమే ఉంటే, ఇతర మద్దతుదారులతో కలిసి సైటుకు ఫిర్యాదు చేయండి. కార్డు ద్వారా చెల్లించి ఉంటే బ్యాంకులో అభ్యంతరం తెలిపి డబ్బు వెనక్కి అడగడానికి గడువు ఉంటుంది, ముందుగా అది కనుక్కోండి.

క్రౌడ్‌ఫండింగ్ మీద మీకు మొత్తంగా విరక్తి కలగకూడదని ఒక పాత సంగతి చెబుతాను. త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌ను నడిపిన కంపెనీ 2002లో మూతపడింది. కోడ్‌ను విడుదల చేయడానికి పెట్టుబడిదారులు లక్ష యూరోలు అడిగారు. దాని సృష్టికర్త టోన్ రోసెందాల్ వాడుకరులను చందా అడిగితే ఏడు వారాల్లో ఆ మొత్తం సమకూరింది, అదే ఏడాది అక్టోబరులో బ్లెండర్ పైన చెప్పిన నాలుగు హక్కులనూ ఇచ్చే జీపీఎల్ లైసెన్సుతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయింది. కిక్‌స్టార్టర్ పుట్టడానికి ఏడేళ్ల ముందు మాట ఇది. అక్కడ ఎవరూ వాగ్దానాన్ని కొనలేదు, రోజూ తాము వాడుతున్నదాన్ని విడిపించుకున్నారు.

ప్రశ్న: చందా ఇచ్చే స్తోమత లేదు, కోడ్ రాయడం రాదు. నాబోటివాళ్లు ఇలాంటి బృందాల్లో చేయగల పని ఏమైనా ఉందా?

జవాబు: ఉంది, అదీ కొరతగా ఉన్న పనే. పైన చెప్పిన కేవ్ స్టోరీని డైసుకే అమాయా ఐదేళ్లపాటు ఖాళీ సమయాల్లో జపనీస్‌లో తయారు చేశాడు. దాన్ని అభిమానుల బృందం ఒకటి ఆంగ్లంలోకి అనువదించబట్టే జపాన్ బయట అంతమంది ఆడగలిగారు. అనువాదం కాకపోతే వాడుక సూచనలను సరిదిద్దవచ్చు, కొత్తవారి ప్రశ్నలకు జవాబు చెప్పవచ్చు, విడుదలకు ముందు ప్రతులను వాడి లోపాలను తెలియజేయవచ్చు. లోపం గురించి రాసేటప్పుడు ‘పనిచేయడం లేదు’ అని వదిలేయకుండా, ఏమేమి నొక్కారో వరుసగా, ఏం జరుగుతుందనుకున్నారో, ఏం జరిగిందో రాయండి. మీ సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు వేయడం మాత్రం మరవకండి, అవతలివారు మొట్టమొదట అడిగేది అదే.