ముందు ఆయన మోకాలికి ఎక్స్‌రే తీయించు చిన్నా

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. బెంజి సర్కిల్ దగ్గర వెనక నుంచి ఒక పెద్దాయన స్కూటీని గుద్దావని, నీ బండికి ఇన్సూరెన్స్ లేదని, ఆదివారం వాళ్ళింటికెళ్ళి డబ్బిచ్చి మాట్లాడుకుంటానన్నావని. గుద్దేసి పారిపోయేవాళ్ళే ఎక్కువైపోయారు, నువ్వు ఆగావు, ఆయన్ని లేపి కూర్చోబెట్టావు, నీ నంబరిచ్చి వచ్చావు. అది విని నాకు కళ్ళు చెమర్చాయి రా. కానీ ఆదివారం దాకా ఆగుతానన్నావే, అక్కడే భయమేసింది.

తిట్టాల్సింది తిట్టేస్తాను. 2020లో బండి కొన్నప్పుడు థర్డ్ పార్టీ, అదే ఎదుటివాళ్ళ నష్టానికి కట్టే ఇన్సూరెన్స్, ఐదేళ్ళకి ఒకేసారి కట్టించుకున్నారు కదా, అది అయిపోయిన తేదీ చూసుకోవద్దా? ఆర్‌సీ పక్కనే ఉంటుంది ఆ కాగితం! ఇవాళే కొత్తది కట్టు, అయినా అది జరిగిపోయినదానికి పనికిరాదు. ఏ ఏజెంటయినా పాత తేదీ వేయిస్తానంటే దండం పెట్టి వచ్చెయ్. పాలసీ మీద అది మొదలయ్యే సమయం గంటా నిమిషంతో సహా ఉంటుంది. ఇన్సూరెన్స్ లేకపోవడం రెండు వేల జరిమానా, మహా అయితే మూడు నెలల జైలు ఉన్న తప్పు, ఆ పని చేస్తే మోసం కేసవుతుంది.

ప్రమాదం సంగతి ఇరవై నాలుగు గంటల్లో పోలీస్ స్టేషన్లో చెప్పాలి. ఇంకా చెప్పకపోతే ఇది చదవడం ఆపి లాయర్ని వెంటబెట్టుకుని వెళ్ళు. బండి ఉంచేసుకుంటే గొడవపడకు, దెబ్బ తగిలిన కేసులో ఇన్సూరెన్స్ లేని బండిని పరిహారానికి పూచీ పెడితేగానీ వదలరు.

ఇక నా సంగతి. 1999లో, తెనాలిలో, తెల్లవారుజామున కాలవగట్టు మీద నా చేతక్ స్కూటర్‌తో పాలాయన సైకిల్ని గుద్దాను. రెండు క్యాన్లూ దొర్లి పాలన్నీ మట్టిలో కలిశాయి. నా ఇన్సూరెన్స్ అయిపోయి నాలుగు నెలలైంది. ఆయన లేచి, మణికట్టు పట్టుకుని, "ఏం కాలేదులే బాబూ" అన్నాడు. ఆ మాట నాకు ఎంత తియ్యగా వినిపించిందో! టీకొట్టు దగ్గర నాలుగు వేలు ఆయన చేతిలో పెట్టాను, కాగితం లేదు, సాక్షి లేడు. ఇంటికొచ్చి పీడ వదిలిందనుకున్నాను. ఆయన చెయ్యి ఎలా ఉందో చూడ్డానికి ఒక్కసారి, ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆ వీధిలోంచి వెళ్ళడమే మానేశాను.

మూడు నెలలకి, ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ నుంచి నోటీసొచ్చింది. మణికట్టు ఎముక విరిగి వంకరగా అతుక్కుందట, గేదె పాలు పిండలేకపోతున్నాడు. కోర్టులో ఆ చెయ్యి బల్ల మీద పెట్టి చూపించాడు, బొటనవేలు పూర్తిగా మడవలేకపోయాడు. ముప్పై ఎనిమిది వేలు కట్టమన్నారు. నాలుగు వేలిచ్చానంటే రుజువేదన్నారు. అప్పటికి నీకు ఏడాది కూడా లేదు. మీ అమ్మ తన గాజులు తెచ్చి నా చేతిలో పెట్టింది, కుదువ పెట్టి కట్టాను, విడిపించడానికి రెండేళ్ళు పట్టింది. ముందే ఎక్స్‌రే తీయించి కట్టు వేయించి ఉంటే ఆ చెయ్యి వంకరపోయేది కాదేమో నాన్నా, నాకు డబ్బుకన్నా అదే బాధ.

అందుకే చెబుతున్నా, రేపే వెళ్ళు. ఆ స్కూటీ పెద్దాయన వద్దన్నా సరే మోకాలికి ఎక్స్‌రే తీయించు, ఆ బిల్లులు దాచుకో. స్కూటీకి షోరూమ్‌లో ఇద్దరూ కలిసి ఎస్టిమేట్ వేయించండి. తన సొంత ఇన్సూరెన్స్‌తో బాగు చేయించుకుంటాడేమో అడుగు. అలాగైతే ఆ కంపెనీ తర్వాత నీ మీదకి రావచ్చు, కాబట్టి అదే రిపేరుకి రెండుసార్లు కట్టే పరిస్థితి తెచ్చుకోకు. ఆయన తన కొట్టు మూడు రోజులుగా తెరవలేదట, ఆ సంపాదన అడిగితే బేరమాడకు, అది ఆయన హక్కు.

డబ్బు ఫోన్‌పేలోనో చెక్కుతోనో ఇవ్వు. రెండు బండ్ల నంబర్లు, తేదీ, చోటు, దేనికి ఎంతిచ్చావో రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించు. క్షమించమని మనస్ఫూర్తిగా అడుగు, కాగితం మీద మాత్రం లాయర్ చూడకుండా అదనంగా ఒక్క ముక్క రాయకు. మీలో మీరు రాసుకున్న కాగితం తర్వాత కేసు పడకుండా ఆపదు. రాజీతో తగాదాలు తేల్చే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, ఫీజు కూడా లేదు. ఆయన ఒప్పుకుంటే అక్కడే తేల్చుకోండి.

నేను రేపు పొద్దున రైలుకి వస్తున్నా, స్టేషన్‌కి రావద్దు, నువ్వు నేరుగా ఆయన దగ్గరికెళ్ళు. గాజుల సంగతి నీకు చెప్పానని మీ అమ్మతో అనకు.

మామయ్య