ఫోన్ పట్టుకుని జాగారం

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయన దోహాలో డ్రైవర్. 2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లోని అమెరికా స్థావరం మీదికి ఇరాన్ క్షిపణులు వదిలినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆయన బాగానే ఉన్నానంటున్నా, అర్ధరాత్రి లేచి ఫోన్‌లో యుద్ధం వార్తలు వెతుకుతున్నా. గుండెదడ. చూడకుంటే తప్పు చేసినట్టు ఉంటుంది.

జవాబు: అమ్మా, అసలు సంగతి మీ చివరి మాటలోనే ఉంది. ఫోన్ పట్టుకుని మీరు ఆయనకు కాపలా కాస్తున్నారు. కన్ను మూస్తే ఏమవుతుందోనని భయం. జ్వరం వచ్చిన పిల్లాడి పక్కన మేలుకుంటే తడిగుడ్డయినా వేయొచ్చు. ఇక్కడ మీ జాగారం దోహా దాకా చేరదు, మీ ఒంటినే తినేస్తుంది.

2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాయి. ఆ తర్వాతి వారం రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలు చూసినవాళ్లలో, పేలుళ్ల చోట ఉన్నవాళ్లకన్నా ఎక్కువ ఒత్తిడి లక్షణాలు కనిపించాయని పరిశోధకులు తేల్చారు. కాబట్టి ఆ దడ మీ పిరికితనం అనుకోకండి. ఇక మన చానెళ్లంటారా, 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ అప్పుడు వార్తల్లో సైరన్ మోతలు వాడొద్దని కేంద్రమే చెప్పాల్సి వచ్చింది! వీడియో గేమ్ బొమ్మలు కూడా నిజం దాడులంటూ వాట్సాప్‌లో తిరిగాయి.

“పట్టించుకోకు” అని నేను చెప్పను, ఆ మాట ఇప్పటికే ఇంట్లో చాలామంది అని ఉంటారు. దోహా కబురు దోహాలో ఉన్న మనిషి నుంచే తెలుసుకోండి. డ్యూటీకి వెళ్లేముందు ఒకసారి, రూముకు చేరాక ఒకసారి వాయిస్ మెసేజ్ పెట్టమని ఆయన్ని అడగండి. మనకంటే అక్కడ రెండున్నర గంటలు వెనక, అది లెక్కలో పెట్టుకోండి, లేకపోతే ఆలస్యమైందని మళ్లీ టెన్షన్. ఆయన రూమ్మేట్ నంబరు, అక్కడి మన రాయబార కార్యాలయం నంబరు కాగితం మీద రాసి గోడకు అతికించండి. వార్తలు కావాలంటే పొద్దున పేపర్ చదవండి. అందులో సైరన్ మోగదు.

ఇలా చేసినా రెండు వారాల్లో నిద్ర కుదుటపడకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఉచిత సేవ, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. దడతో పాటు ఛాతీలో నొప్పి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.

ఈ రాత్రికి ఒక్క పని చేయండి. ఆయన ఫోన్ వస్తే వినపడేలా రింగు పెంచి, చార్జర్ తీసుకెళ్లి వంటింట్లో పెట్టండి.