ఉత్తర తెలంగాణ అంటే అంతా ఎడారిలాంటి రాళ్ల నేలేనా?

కాదు. ఎండాకాలంలో కాజీపేట మీదుగా రైల్లో పోయినవాళ్లకు అలా అనిపిస్తుంది. వాళ్లు చూసింది అబద్ధమేం కాదు: బోడి గ్రానైట్ గుట్టలు, ఎర్రటి చెల్క, గట్ల మీద సీతాఫలం చెట్లు. నీళ్లు నిలవని ఇలాంటి నేల కాబట్టే కాకతీయులు ఊరూరా చెరువులు కట్టించారు.

కానీ హనుమకొండ నుంచి ములుగు రోడ్డు పట్టుకోండి. గ్రానైట్ పోయి ఇసుకరాయి మొదలవుతుంది, తాడ్వాయి దగ్గర రోడ్డుకు రెండు పక్కలా అడవే. గోదావరి దాటితే వాజేడు మండలంలో బొగత జలపాతం. ఆదిలాబాద్ వైపు పోతే నల్లరేగడి. ముసురు పట్టినప్పుడు ఆ చేలో కాలు పెడితే చెప్పు అక్కడే ఉండిపోతుంది.

వాన సంగతైతే చెప్పక్కర్లేదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. రాష్ట్రంలో ఏడాది మొత్తానికి సగటు 900 పైచిలుకే! బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా వాయవ్యానికి కదిలేటప్పుడు గోదావరి పరీవాహకాన్ని తడిపిపోతాయి. మహబూబ్‌నగర్ వైపుకు ఆ లాభం తక్కువ, పైగా అది పడమటి కనుమల వర్షచ్ఛాయలో, అంటే కనుమలు వాన మబ్బుల్ని అడ్డుకునే పక్కన ఉంటుంది.

చలి కూడా తక్కువేం కాదు. సముద్రం దూరం, రాత్రిళ్లు ఆకాశం నిర్మలం, పైనుంచి ఉత్తరగాలి. అందుకే రామగుండంలో మేలో 45 డిగ్రీలకు మాడినా, ఆసిఫాబాద్ ఏజెన్సీలో కొన్ని జనవరి తెల్లవారుజాముల్లో 5 డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతుంది.