ఫ్రీ లాయరుకి 50 డాలర్లు

"అమెరికాలో క్రిమినల్ కేసు పడితే ప్రభుత్వం ఇచ్చే లాయరు నిజంగా ఫ్రీనా? ఫీజు అడిగితే కోర్టులో సవాలు చేయొచ్చా?" అని అడిగారు. చాలా రాష్ట్రాల్లో ఫ్రీ కాదు. సవాలు చేయొచ్చు, గెలిచినవాళ్లూ ఉన్నారు. ఫ్లోరిడాలో నేను కళ్లారా చూసింది చెబుతాను.

నా రూమ్మేటుది గుంటూరు వైపు, ఎమ్మెస్ చదువుతున్నాడు. మాలాంటివాళ్ల డ్రైవింగ్ లైసెన్సు గడువు వీసా కాగితాలతో ముడిపడి ఉంటుంది. వాడు రెన్యువల్ సంగతి మర్చిపోయాడు. గడువు తీరి ఆరు నెలలు దాటాక కారు నడిపితే అక్కడ అది చలానాతో పోదు, క్రిమినల్ కేసే. ఒక రాత్రి పోలీసు ఆపి, కోర్టు తేదీ రాసిన కాగితం చేతిలో పెట్టాడు.

ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. ప్రైవేటు లాయరు చెప్పిన ఫీజు మా ఇద్దరి నెల అద్దె కంటే ఎక్కువ. అందుకే క్లర్కు కౌంటర్ దగ్గర, లాయరుని పెట్టుకునే స్తోమత లేదని రాసిచ్చే ఫారం తీసుకున్నాం. జీతమెంత, బ్యాంకులో ఎంత, కారుందా, అన్నీ నింపాడు. అప్లికేషన్ ఫీజు 50 డాలర్లు అన్న లైను దగ్గరికి రాగానే పెన్ను కింద పెట్టేశాడు. "వద్దులే అన్నా, తప్పు ఒప్పేసుకుంటా, అయిపోతుంది" అన్నాడు. ఆ వారం వాడి అకౌంట్లో ఉన్నది 30 డాలర్ల చిల్లర. ఇప్పుడే కట్టక్కర్లేదని క్లర్కు చెప్పాకే సంతకం పెట్టాడు.

ప్రభుత్వం ఇచ్చిన లాయరమ్మ మాట్లాడింది పది నిమిషాలే. మొదట అడిగిందే "ఏ వీసా?" అని. ఏమీ ఒప్పుకోవద్దు, ముందు లైసెన్సు రెన్యువల్ చేయించుకుని రమ్మంది. అది చూపించాక క్రిమినల్ కేసు తీయించి, మామూలు ట్రాఫిక్ చలానాగా మార్పించింది. ఆ 50 మాత్రం వాడు కట్టాల్సే వచ్చింది.

కేవలం 50 డాలర్లకి భయపడి వాడు జన్మంతా క్రిమినల్ రికార్డు మోసేవాడు. మన వాట్సాప్ గ్రూపుల్లో "ఒప్పేసుకుని ఫైను కట్టెయ్ బ్రో" అని సలహా ఇచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫైను కట్టి వచ్చాక వీసా ఆఫీసరు ముందు నిలబడేది వాళ్లు కాదు.

డబ్బులేనివాడికి లాయరుని ఇవ్వాల్సిందేనని 1963లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఫ్లోరిడా కేసులోనే. గిడియన్ అనే ఖైదీ జైల్లోంచి పెన్సిల్‌తో రాసిన అర్జీ అది. 1972లో కాన్సస్ రాష్ట్రం ఇలాంటి లాయర్ల ఖర్చు తిరిగి వసూలు చేసుకునే చట్టాన్ని అదే కోర్టు కొట్టేసింది, మామూలు అప్పులవాళ్లకి ఉండే రక్షణలు కూడా ఈ బాకీ ఉన్నవాళ్లకి లేకుండా చేశారని. 1974లో ఒరెగాన్ రాష్ట్రం చేసిన అలాంటి చట్టాన్ని మాత్రం నిలబెట్టింది. తర్వాత కట్టగలిగినవాళ్ల దగ్గరే వసూలు చేస్తున్నారు, తిరిగి కట్టాల్సి రావచ్చని తెలిసినంత మాత్రాన లాయరు హక్కు పోదు అంది. ఈ తీర్పు తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ఆ జడ్జీలు ఒక్కపూట ఆ కౌంటర్ పక్కన నిలబడి ఉంటే అలా రాసేవారు కాదు. మిన్నెసోటాలో మాఫీకి దారిలేకుండా పెట్టిన ఫీజుని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2004లో కొట్టేసింది. కాలిఫోర్నియా అయితే చట్టం చేసి 2021 జులై నుంచి ఈ ఫీజే తీసేసింది.

మన దేశంలో 1987 చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయం చూడకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలి. ఆ సంగతి మనవాళ్లలో ఎంతమందికి తెలుసు?

మీరు అడిగింది సొంత కేసు గురించే అయితే, ఫీజు చూసి ఫారం వెనక్కి ఇచ్చేయకండి. మాఫీ ఉందా అని అడగండి. లాయరు కనబడగానే ముందు వీసా సంగతి చెప్పండి.