"నాకు తెలుసు" అనే మాటే నీ మార్కులు తింటోంది చిన్నూ

ఒరేయ్ చిన్నూ,

నువ్వు పంపిన ఇంటర్ మొదటి ఏడు హాఫ్ ఇయర్లీ మార్కుల ఫొటో చూశాను. 470కి 324. దాని కింద ఏడుపు బొమ్మ, "అత్తా, రోజుకి పది గంటలు చదువుతున్నా, ఇంకేం చెయ్యాలో నువ్వే చెప్పు" అని ఓ లైను. మీ నాన్న కూడా రాత్రి ఫోన్ చేశాడు, "అక్కా, వీడికి ఫిజిక్స్ ట్యూషన్ పెట్టించమంటావా" అని. వద్దన్నాను. పొద్దున ఏడున్నరకి ఇల్లు వదిలి సాయంత్రం ఆరున్నరకి వచ్చి పడేవాడికి ఇంకో ట్యూషన్ పెడితే ఉన్న ఆ కాస్త టైమూ పోతుంది. నువ్వు తక్కువేం చదవట్లేదురా. కాకపోతే నువ్వు చదువు అనుకుంటున్నది సగం చదువే.

దసరాకి ఖమ్మం వచ్చినప్పుడు మా హాల్లో దివాన్ మీద కూర్చుని ఫిజిక్స్ పుస్తకం ముందేసుకున్నావు, గుర్తుందా? పసుపు, గులాబీ, ఆకుపచ్చ, మూడు హైలైటర్లు. పేజీ చూస్తే దాని మీద హోలీ ఆడినట్టుంది. పైనుంచి పడే వస్తువుకి శక్తి నిత్యత్వ నియమం నిరూపించే ప్రశ్న చదువుతున్నావు. వచ్చేసిందా అంటే "ఎప్పుడో వచ్చేసింది అత్తా, ఇది నాలుగోసారి" అన్నావు. పుస్తకం మూయించి పాత క్యాలెండర్ కాయితం వెనక రాయమన్నాను. 'A' బిందువు దగ్గర, అంటే పైన, పొటెన్షియల్ ఎనర్జీ ఎమ్‌జీహెచ్, కైనెటిక్ ఎనర్జీ సున్నా అని టకటకా రాసేశావు. కింద నేల దగ్గరి సీ బిందువు కూడా రాశావు. మధ్యలో బీ దగ్గర ఆగిపోయావు. వస్తువు ఎక్స్ దూరం పడ్డాక దాని వేగం ఎంత అన్నది రాయాలి, అక్కడ పెన్ను కదల్లేదు. కాసేపు ఫ్యాను వైపు చూశావు, కాసేపు గోళ్లు కొరికావు, చివరికి పుస్తకం తెరిచి "వీ స్క్వేర్ ఈక్వల్ టు టూ జీ ఎక్స్" కనపడగానే "అబ్బా, ఇదా! ఇది నాకు తెలుసు అత్తా" అన్నావు.

తెలిస్తే రాసేవాడివి కదరా.

నీ జేబులో వంద నోటు ఉంటే బయటికి తీయకుండా చెప్పు, దాని వెనక ఏం బొమ్మ ఉంది? ఊదారంగు కొత్త నోటు, రోజూ చేతులు మారేదే. చూపిస్తే వంద నోటని దూరం నుంచే గుర్తుపడతావు, వెనక బొమ్మ అడిగితే మాత్రం తడుముకుంటావు (గుజరాత్‌లోని మెట్లబావి, రాణీ కీ వావ్). గుర్తుపట్టడం వేరు, ఏమీ చూడకుండా లోపలినుంచి తీసి కాయితం మీద పెట్టడం వేరు. నువ్వు నాలుగుసార్లు చదివి మొదటిది సాధించావు. పరీక్షలో అడిగేది రెండోది.

ఇరవై తొమ్మిదేళ్లు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను, దాదాపు ప్రతి ఏడూ ఎండలు ముదిరే వేళకి స్పాట్ వాల్యుయేషన్‌కి, అంటే బోర్డు పరీక్ష పేపర్లు దిద్దడానికి, వెళ్లాను. పొద్దున పదిహేను పేపర్లు, మధ్యాహ్నం పదిహేను, మధ్యలో సత్తు క్యారియర్లో పులిహోర. అన్ని వేల పేపర్లు దిద్దాక నాకు అర్థమైందేంటంటే, ఏమీ చదవని పిల్లలు మీరనుకున్నంత మంది ఉండరు. చదివి, మధ్యలో ఆగిపోయిన వాళ్లే ఎక్కువ. నిర్వచనం ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంటుంది, కింద స్కేలు పెట్టి గీసిన గీత, బొమ్మకి పెన్సిల్ షేడింగ్ కూడా. మూడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఏవో రెండు సమీకరణాలు గాల్లోంచి పడతాయి, వాటి కింద "కాబట్టి నిరూపించబడినది" అని ఉంటుంది. ఆ పిల్లకి మొదలూ తెలుసు, చివరా తెలుసు. మార్కులు ఉన్నది మధ్యలో. ఏ మెట్టుకి ఎన్ని మార్కులో మా చేతిలో కాయితం ఉంటుంది, అక్కడ లేని మెట్టుకి మేం జాలిపడి వేయడానికి ఉండదు. అదే కోడిగీతల రాత ఉన్నా మెట్లన్నీ వరసగా ఉంటే వేయక తప్పదు. మీ కాలేజీ వాళ్లు ప్రెజెంటేషన్, ప్రెజెంటేషన్ అని మీ ప్రాణం తీస్తారు కానీ, ముందు ఇవతల ప్రెజెంట్ చెయ్యడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

కాబట్టి ఇవాళ్టి నుంచి నువ్వు మార్చుకోవాల్సింది ఒక్కటే, మిగతావన్నీ దాని వెనక వస్తాయి. ఒక ప్రశ్న ఇరవై నిమిషాలు చదివావనుకో, పుస్తకం మూసేయ్, పక్క గదిలో పెట్టేసి రా, ఎందుకంటే పక్కనే ఉంటే చెయ్యి ఊరుకోదు. తెల్ల కాయితం మీద పది నిమిషాలు మొత్తం రాయి. ఆగిపోతే వెంటనే చూడకు, రెండు మూడు నిమిషాలు కొట్టుకో. ఆ కొట్టుకోవడం చిరాగ్గా ఉంటుంది, "టైమ్ వేస్ట్" అనిపిస్తుంది, అయినా అసలు పని జరిగేది అప్పుడే. తర్వాత పుస్తకం తెచ్చి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో నింపు. నీలం ఎంత, ఎరుపు ఎంత అని చూసుకుంటే నీ మార్కులు పరీక్షకి ముందే నీకు తెలిసిపోతాయి. హైలైటర్లు మీ చెల్లికిచ్చెయ్, డ్రాయింగ్‌కి పనికొస్తాయి.

ఇది అత్త ఛాదస్తం అనుకుంటావేమో. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు సరిగ్గా ఇదే పరీక్షించి చూశారు. ఒక గుంపు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది, ఇంకో గుంపు చదివి, మూసి, గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివిన వాళ్లే ఎక్కువ చెప్పారు. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది, మూసి రాసిన వాళ్లకే ఎక్కువ గుర్తుంది. రాత్రి చదివి పొద్దున్నే రాసే స్లిప్ టెస్టుల్లో నీకు బాగా వచ్చి, హాఫ్ ఇయర్లీలో ఎందుకు పడిపోయాయో ఇప్పుడు అర్థమైందా?

నా సంగతీ చెప్తాను, మీ నాన్నకి కూడా తెలియదు. 1982లో డిగ్రీ మొదటి ఏడు, హాస్టల్ డాబా మీద అటూ ఇటూ నడుస్తూ గట్టిగా చదివేదాన్ని, కింద వంటమనిషికి కూడా నా ఎలక్ట్రిసిటీ పాఠం నోటికొచ్చేసి ఉంటుంది. నాకు మాత్రం 35 వచ్చాయి. నిజంగానే అత్తెసరు మార్కులు! నా రూమ్మేట్ మధిర పిల్ల, నాలో సగం సేపు చదివేది, ఫస్ట్ క్లాసు. ఏం చేస్తుందా అని కనిపెట్టి చూస్తే, పుస్తకం బోర్లించి నేల మీద సుద్దముక్కతో రాసుకునేది, తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసేది. తర్వాత నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పేది. నేను "ఎందుకు" అన్నచోట తను ఆగితే, మళ్లీ పుస్తకం. రెండో ఏడు నేనూ సుద్దముక్క పట్టుకున్నాను.

నీకు ఇంట్లోనే నానమ్మ ఉంది, అంతకంటే మంచి ఎగ్జామినర్ దొరకదు. మొన్న నువ్వు ఇనర్షియా గురించి చెబుతుంటే "బస్సు ఆగితే ముందుకు తూలతాం సరే, మరి కదిలినప్పుడు వెనక్కి ఎందుకు పడతాంరా" అందట, నువ్వు ఫోన్ చూసుకుంటూ "అదంతే నానమ్మా" అన్నావట. అదంతే కాదు. రెండూ ఒకటే కారణం, ఆవిడకి అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ రెండు మార్కులు నీవే.

రెండు మార్కులంటే గుర్తొచ్చింది. నీ ఫిజిక్స్ పేపర్ కూడా చూశాను, 60కి 29. ఎనిమిది మార్కుల ప్రశ్నలు రెండూ బాగానే చచ్చీచెడీ రాశావు, రెండు మార్కుల ప్రశ్నలు పదింటికి వచ్చినవి తొమ్మిది మార్కులు. వీటిని బస్సులో చూసుకునే చిల్లర సరుకు అనుకున్నావు కదూ. లెక్క చూడు: నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు రాస్తే చాలు, ఎనిమిది మార్కులవి మూడింట్లో రెండు, రానిది వదిలేసుకోవచ్చు. రెండు మార్కులవి పదికి పదీ రాయాల్సిందే, ఛాయిస్ లేదు. 60లో 20 మార్కులు, మూడో వంతు. కెమిస్ట్రీ అచ్చం ఇంతే, మ్యాథ్స్‌లో ఒక్కో పేపర్‌కి 75లో 20. వీటికి పాత కాయితాలు నాలుగు ముక్కలుగా చింపి, ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు రాసి, రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టుకో. బస్సులో చూడు, వద్దనను, కానీ ముందు ప్రశ్న చూసి మనసులో జవాబు పూర్తిగా అనుకున్నాకే తిప్పాలి. తిప్పేసి "తెలుసు" అనుకుంటే మళ్లీ దసరా కథే. వచ్చినవి వెనక్కి, రానివి ముందుకి పెట్టుకుంటూ పో, వారంలో ఆ రానివాటి కట్ట సన్నబడటం నీకే కనపడుతుంది.

మరి మర్చిపోతే? మర్చిపోతావు, అందరూ మర్చిపోతారు. ఎబింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాలు తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత పోతుందో కొలిచి 1885లోనే పుస్తకం వేశాడు. మొదట్లో గబగబా పోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. పూర్తిగా పోకముందే మళ్లీ ఒకసారి తీస్తే ఇంకొంచెం ఎక్కువ కాలం నిలుస్తుంది. అందుకని కాలేజీలో చెప్పినదాన్ని ఆ రాత్రే పదిహేను నిమిషాలు చూడకుండా రాయి, మూడోరోజు ఒకసారి, ఆ తర్వాతి ఆదివారం ఒకసారి, మళ్లీ నెలకి. గోడ క్యాలెండర్ మీద ఆ తేదీల్లో పాఠం పేరు రాసిపెట్టుకో, యాప్‌లు గీప్‌లు వద్దు, యాప్ తెరవడానికి ఫోన్ తీస్తే ఏమవుతుందో మనిద్దరికీ తెలుసు. ఒకే ఆదివారం ఆరు గంటలు కెమిస్ట్రీ మీద పడటం కంటే, ఆ ఆరు గంటల్నే వారమంతా పంచితే మేలు.

మ్యాథ్స్ దగ్గర నీ జబ్బు వేరు. 1బీ పేపర్‌లో 41 ఎందుకొచ్చాయంటే "సిల్లీ మిస్టేక్స్ అత్తా" అన్నావు. ఆ మాట నాకు నచ్చదు. ఒకసారి జరిగితే సిల్లీ, ఐదుసార్లు జరిగితే అలవాటు. ఒక వంద పేజీల నోట్‌బుక్ తీసుకుని, తప్పుపోయిన ప్రతి లెక్కకీ ఒకే లైను రాయి. సరైన జవాబు కాదు, ఎందుకు తప్పావో రాయి: "మైనస్ బ్రాకెట్ విప్పినప్పుడు రెండో గుర్తు మార్చలేదు", "ప్రశ్నలో వ్యాసం ఇస్తే వ్యాసార్థం అనుకున్నా", ఇలా. నెలయ్యేసరికి నీ తప్పులు ఇరవై రకాలు కావని, అవే నాలుగో ఐదో తిరిగి తిరిగి వస్తున్నాయని బయటపడుతుంది. పరీక్షలో చివరి పది నిమిషాలు పేపరంతా వెతక్కుండా వాటినే వెతుకు. ఇంకోటి, గైడులో సాల్వ్ చేసిన లెక్క చూసి తలూపడం మానెయ్. తల ఊగితే లెక్క రాదు.

నిద్ర సంగతి పెద్దగా చెప్పను, మీ అమ్మ చెప్తూనే ఉంది. పదకొండుకల్లా పడుకో. చదివింది కుదురుకునేది నిద్రలోనే, రాత్రి రెండింటిదాకా మేలుకుని సంపాదించింది క్లాసులో కునుకుతో పోతుంది. ఫోన్ రాత్రి ఎనిమిది నుంచి ఫ్రిజ్ మీద ఛార్జింగ్‌లో ఉండాలి, సైలెంట్‌లో టేబుల్ మీద కాదు. సంస్కృతంలో 91 వచ్చాయి కదా, దాన్ని అలాగే వదిలెయ్, 98 కోసం వారానికి మూడు గంటలు పెట్టకు, ఆ మూడూ ఫిజిక్స్‌కివ్వు. (తెలుగు పిల్లాడివి తెలుగు తీసుకోకుండా మార్కుల కోసం సంస్కృతం తీసుకోవడం మీద నాకున్న కోపం ఇంకో ఉత్తరంలో.)

"ఐపీఈ (ఇంటర్ పబ్లిక్ పరీక్ష) ఎవడికి కావాలి అత్తా, జేఈఈ కొడితే చాలు" అని మీ ఫ్రెండ్ అన్నాడట. వాడికి చెప్పు, జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఎన్ఐటీలో చేరాలన్నా ఇంటర్‌లో 75 శాతం కానీ, బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో (పాసైనవాళ్లలో పై ఐదో వంతులో) చోటు కానీ ఉండాలని. ఎస్సీ, ఎస్టీ పిల్లలకైతే 65 శాతం. నీ 324 ఇప్పుడు 69 శాతం దగ్గర ఉంది. భయపెట్టడానికి కాదు, మొదటి ఏడు సగమే అయింది, చాలా టైముంది.

అన్నీ రేపే మొదలుపెట్టకు, మూడోరోజుకి మానేస్తావు, మీ నాన్న పోలికే. ఈ వారం ఫిజిక్స్ ఒక్కటే, రోజుకి ఒక్క ప్రశ్న, మూసి రాయడం. ఎర్రగా నిండిన కాయితాలు పారెయ్యకు, అవే నాకు వాట్సాప్‌లో పెట్టు, నీలంగా ఉన్నవి అక్కర్లేదు. ఆదివారం సాయంత్రం వీడియో కాల్ చేస్తాను, నానమ్మని పక్కన కూర్చోబెట్టుకో, ఒక తెల్ల కాయితం, పెన్ను పెట్టుకో. బీ బిందువు దగ్గర నుంచి మొదలుపెడదాం.

మీ అత్త